మూడోసారి లాగినప్పుడు

ఒక మనిషి ఎంత బలంగా లాగగలడో కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. నా క్లినిక్‌లో ఉన్నది పత్తి వ్యాపారులు బోరాలు తూచే వేలాడే కాటా. నరసరావుపేటలోనే కాటాలు అమ్మే దుకాణంలో కొన్నాను. దానికి ఒక వైపున్న కొక్కాన్ని కిటికీ ఊచలకు గొలుసుతో బిగిస్తాను. రెండో వైపు కొక్కానికి దళసరి గుడ్డ పట్టీ తగిలించి, దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగమంటాను. ఎర్ర అంకెలు గబగబా పైకి పోయి ఒకచోట నిలబడతాయి. నిలబడిన అంకెను కాగితం మీద రాస్తాను. గాయపడి ఇంట్లో కూర్చున్న కార్మికుడు మళ్ళీ పనిలోకి పోవచ్చా లేదా అన్నది ఆ కాగితం చూసి ఫ్యాక్టరీ తేలుస్తుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. పేటలో అందరూ డాక్టర్ గారూ అని పిలుస్తారు, నేనూ ఎవరినీ సరిదిద్దను. మాచర్ల వైపున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు ఈ లాగుడు పరీక్షలు నాకు అప్పగించినప్పుడు చాలా పొంగిపోయాను. ఫ్యాక్టరీ జీపు నా క్లినిక్ ముందు ఆగితే పక్కన మందుల షాపు వాడు తల బయటపెట్టి చూసేవాడు. వాడు చూస్తున్నాడా లేదా అని నేను లోపల్నుంచి చూసేవాణ్ణి. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ తర్వాత జరిగినదంతా ఈ పొంగులోంచే వచ్చింది కనక రాయక తప్పదు.

వాళ్ళు పంపినవాళ్ళలో ఒకాయనది నడికుడి. నలభై దాటిన ముస్లిం. ఆ ఫ్యాక్టరీలోనే కళాసీ పని చేసేవాడు. పెద్ద మోటార్లు, గేర్‌బాక్సులు పాడైతే వాటిని చైన్ పుల్లీకి తగిలించి, గొలుసు లాగి ఎత్తడం, దించడం కళాసీల పని. పొద్దస్తమానం లాగడమే. ఒకరోజు గొలుసు పట్టు జారి, బరువంతా ఒక్క ఊపున ఆయన కుడిచేతి మీద పడింది. భుజంలో కండరం చిరిగింది. ఆపరేషన్ అవసరం పడలేదు. నెలల తరబడి నా దగ్గరికి వచ్చి వ్యాయామాలు చేశాడు.

అంత శ్రద్ధగా చేసే రోగులను నేను అరుదుగా చూశాను. పదిసార్లు చెయ్యమంటే పదిసార్లూ సరిగా చేసేవాడు. నొప్పి వస్తే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేనిచ్చిన రబ్బరు బ్యాండును ఇంట్లో తలుపు గడియకు కట్టి లాగేవాడు. ఒకసారి ఆ గడియ ఊడి చేతికొచ్చిందట.

"మా ఇంటామె మీకు బిల్లు పంపిస్తానంటంది సార్," అన్నాడు నవ్వుతూ.

"గడియ కొత్తది వేయించు, బ్యాండు మాత్రం మానొద్దు," అన్నాను.

రంజాన్ నెల వచ్చేసరికి ఆయన చెయ్యి తల మీదికి పూర్తిగా లేస్తోంది. పట్టు గట్టిపడింది. ఆ భుజం సంగతి నాకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పరీక్షకు ఏ రోజు రావాలో ఫ్యాక్టరీయే నిర్ణయించింది. ఆ రోజు రాకపోతే పనివాళ్ళ జాబితాలోంచి పేరు తీసేస్తామని ఆయనకు చెప్పారు. పొద్దున్నే పరీక్ష అన్నారు. ఆయన తెల్లవారకముందే సహరీ తిని, మొదటి బస్సెక్కి, పిడుగురాళ్ళలో దిగి ఇంకో బస్సు పట్టుకుని, నేను క్లినిక్ తాళం తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఫ్యాక్టరీ తరఫున ఒక మనిషి ఎదురుగా ఉంటేనే పరీక్ష చెల్లుతుంది. ఆ మనిషి అక్కడి పర్సనెల్ ఆఫీసరు. ఆయన రాలేదు. పది దాటింది, పదకొండు దాటింది. బయట బెంచీ మీదికి ఎండ వచ్చింది. మార్చి చివర మా వైపు ఎండ ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

క్లినిక్ ఊడ్చి, ఫైళ్ళు అందించే ఆయమ్మ లోపలికి వచ్చింది.

"సార్, ఆ భాయ్‌కి మజ్జిగిస్తే వద్దన్నాడు. రోజా అంట, నీళ్ళు కూడా ముట్టడంట. ఈ పరీక్షేందో పండగయ్యాక పెట్టుకోకూడదా?"

"అది ఫ్యాక్టరీ వాళ్ళ ఇష్టం గదమ్మా. నా చేతిలో ఏముంది?"

"ఫోనుందిగా," అంది ఆమె.

నా చేతిలో నిజంగానే ఫోను ఉంది. దాంట్లో ఏదో చూస్తున్నాను కూడా. ఆఫీసరుకు ఒక్క మాట చెప్పలేకపోయాను. ఎందుకు? నా కోసం జీపు వేసుకుని వచ్చే పెద్దమనిషిని రావద్దనడం బాగుండదనిపించింది. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు.

ఆఫీసరు మధ్యాహ్నానికి దిగాడు. "సారీ డాక్టర్ గారూ, మీటింగ్ లేటయింది. ముందు లంచ్ చేసేద్దామా? మళ్ళీ నాకు టైముండదు," అన్నాడు. ఇద్దరం బయటికి వచ్చాం. బెంచీ మీద ఆయన లేచి నిలబడ్డాడు. "కూర్చో, వచ్చేస్తాం," అన్నాను. మేం హోటల్‌కి వెళ్ళి బిర్యానీ తిన్నాం.

ఆ భోజనం దగ్గర నేనేం మాట్లాడానో ఇప్పటికీ ఒక్కోసారి చెవిలో వినిపిస్తుంది. ఆఫీసరు యాక్టింగ్ కేసుల గురించి ఎత్తాడు. దెబ్బ తగ్గినా తగ్గలేదని చెప్పి ఇంట్లో కూర్చునే వాళ్ళకి ఆయన పెట్టిన పేరది. నేను వెంటనే అందుకున్నాను. నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, బయటికి పోయి బస్సు కోసం పరిగెత్తిన ఒక రోగి కథ చెప్పాను. ఆఫీసరు తెగ నవ్వాడు. ఆ నవ్వు కోసం ఇంకోటి చెప్పాను. రెండోది సగం కల్పించిందే. బెంచీ మీద ఉన్న మనిషి రోజాలో ఉన్నాడని, వేరే రోజు పెడదామని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. గొంతులో బిర్యానీ ఉంది. మాట రాలేదు.

తిరిగొచ్చి ఆయన్ని లోపలికి పిలిచాను. కిటికీకి కట్టి ఉన్న కాటా చూసి ఆయన నవ్వాడు.

"ఏంది సార్, నన్ను కూడా కాటా వేస్తారా? తరుగు మాత్రం తియ్యమాకండి."

తేమ ఉందని చెప్పి వ్యాపారి పత్తి తూకంలో తగ్గించేదాన్ని తరుగంటారు. నాకు నవ్వొచ్చింది. ఆఫీసరు నవ్వలేదు. నేను నవ్వు ఆపేశాను.

మొదటిసారి ఆయన లాగినప్పుడు కిటికీ ఊచలు కిర్రుమన్నాయి. కళాసీ పనికి ఎంత బలం కావాలని ఫ్యాక్టరీ అడిగిందో అంకె దాన్ని దాటి నిలబడింది. నెలల పాటు ఆయన పడ్డ కష్టమంతా ఆ ఒక్క లాగుడులో కనిపించింది. ఇక ఆపేసి ఉంటే సరిపోయేది. కానీ మూడుసార్లు లాగించాలని నియమం. ప్రతి రెండింటి మధ్య బాగా విశ్రాంతి ఇవ్వాలి. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. నేను విశ్రాంతి తగ్గించేశాను. రెండోసారికి అంకె కిందికి వచ్చింది. మూడోసారి లాగేటప్పుడు ఆయన పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కాలు నేల మీద జారింది. మొదటిసారి వచ్చినదాంట్లో సగానికి కొంచెం పైన నిలిచింది అంకె.

"నీళ్ళు తాగవయ్యా, తాగి ఇంకోసారి లాగు," అన్నాను.

"వద్దు సార్. రోజా."

"రోజా అయితే ఇవాళెందుకొచ్చావు?"

"మీరు రమ్మంటే వచ్చా సార్."

"ఒంట్లో బాగాలేకపోతే మీ దాంట్లో మినహాయింపు ఉంటుందిగా?"

ఆయన పట్టీ ఇంకా చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు. "నాకు ఒంట్లో బాగుందని రాయించుకోటానికే గదా సార్ నేనొచ్చింది? బాగాలేదని నీళ్ళెట్టా తాగేది?"

ఆఫీసరు ఫ్యాక్టరీ ఇచ్చిన సూచనల కాగితం తీసి నా ముందు పెట్టి వేలితో చూపించాడు. "మూడూ దగ్గర దగ్గరగా లేకపోతే ఫుల్ ఎఫర్ట్ పెట్టలేదని రాయాలి కదండీ?"

అవును, ఆ కాగితంలో అట్లానే ఉంది. ఒక మనిషి నిజంగా తన బలమంతా పెట్టి లాగితే మూడుసార్లూ ఇంచుమించు ఒకే అంకె వస్తుందని, కావాలని తగ్గించి లాగేవాడికి ప్రతిసారీ అదే తగ్గింపు కుదరదని దాని వెనకున్న ఊహ. వినడానికి తెలివిగా ఉంటుంది. ఆకలితో, దాహంతో ఎండలో పొద్దున్నుంచి కూర్చున్నవాడి ఒళ్ళు కూడా అట్లా పొంతన లేని అంకెలే ఇస్తుందని ఆ ఊహకు తెలియదు. నాకు తెలుసు. అనుమానం ఉంటే పరీక్ష ఇంకో రోజు మళ్ళీ చేయాలని అదే కాగితంలో కింది వరసలో ఉంది. అదీ నాకు తెలుసు.

"మళ్ళీ ఇంత దూరం నాకు కుదరదండీ," అన్నాడు ఆఫీసరు.

పూర్తి ప్రయత్నం చేయలేదని రాశాను. అంతటితో ఆగలేదు. ఎవరూ అడగకపోయినా ఇంకో వాక్యం రాశాను: కావాలని బలం తగ్గించి లాగినట్లు కనిపిస్తోంది. మొదటి వాక్యం నియమం చేత రాశాననుకున్నా, రెండోది మాత్రం పూర్తిగా నాది. హోటల్లో చెప్పిన కథలకు అది కొనసాగింపు. పనిలోకి పోవాలని తపించే మనిషి, మొదటిసారి కిటికీ ఊడొచ్చేలా లాగినవాడు, మూడోసారి ఏం ఆశించి తగ్గిస్తాడు? చిన్న పిల్లవాడిని అడిగినా చెబుతాడు. నన్ను నేను ఆ మాట అడగాలనిపించలేదు.

"ఎట్టా వచ్చింది సార్?" అని అడిగాడు ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"రిపోర్టు వాళ్ళకి పంపుతాం," అన్నాను, కాగితం బోర్లా తిప్పి.

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కముందే ఒక మనిషి చెప్పులు విడవకుండా నా గదిలోకి వచ్చేశాడు. ఆయన జట్టులోనే కళాసీ, మెళ్ళో చిన్న సిలువ ఉంది. ఆయమ్మ వెనకే వస్తూ, "ఆగమంటే ఆగలేదు సార్," అంది.

"ఏంది సార్ మీరు రాసింది?"

"ఎవరు మీరు?"

"కిటికీకి కట్టి లాగిచ్చారే, ఆ భాయ్ జట్టోణ్ణి. కూర్చోను, మీరు కూర్చోమనబాకండి. ఇరవయ్యేళ్ళ నుంచి ఒకే గొలుసు లాగుతున్నాం ఇద్దరం. ఆయన కావాలని తగ్గిచ్చి లాగాడా? ఏం సార్, ఆయన మొహం చూసే రాశారా?"

నేను మూడు అంకెల గురించి, వాటి తేడా గురించి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అంకెలు పక్కన పెట్టండి. మా జట్టులో రంజాన్ నెలొస్తే మధ్యాన్నం పైన భాయ్ గొలుసు ముట్టడు, మేం ముట్టనియ్యం. పొద్దున పూట ఆయన ఎక్కువ లాగుతాడు, మజ్జాన్నం మేం లాగుతాం. నేను ఆదివారం చర్చికి పోతే నా వంతు ఆయన లాగుతాడు. ఎవరూ రాసింది కాదు, చెప్పింది కాదు, అట్టా నడుస్తంది. ఇంకొకడితో కలిసి లాగే మనిషిని ఒక్కణ్ణి, అదీ మజ్జాన్నం పూట, ఆ కిటికీకి కట్టేశారు మీరు. కిటికీ బాగానే ఉందా సార్? ఊడలేదుగా?"

"నేను నియమం ప్రకారం..."

"సార్, ఏం జరిగిందో చెప్తా ఇనండి. షిఫ్టు మారే టైములో భాయ్ గేటు దగ్గరికొచ్చి పాసడిగాడు. ఆఫీసరు బయటికొచ్చి మీ కాయితం అందరి ముందూ చదివాడు. 'నువ్వు నాటకాలాడావని డాక్టర్ గారే రాశారు' అన్నాడు. అక్కడెవడో ఎదవ యాక్టర్ భాయ్ అన్నాడు. ఇంక అదే పేరు. ఆయన రోజాలో ఉండి అబద్దమాడాడని రాశారు సార్ మీరు. మీకు తెలుస్తందా? ఉద్యోగం సంగతి తర్వాత. ఆయన ఇప్పుడు మసీదులో కూడా ఎనక వరసలో నిలబడతన్నాడంట."

ఆ జట్టు మనిషి వెళ్ళాక ఆయమ్మ నా వైపు చూడకుండా ఆయన చెప్పుల మట్టి తుడిచింది.

అప్పుడైనా దిద్దుకోవలసింది. నేను ఆఫీసరుకు ఫోను చేసి, ఇంకోసారి పరీక్ష చేస్తానని మెల్లిగా అడిగాను. "మీ ఇష్టం డాక్టర్ గారూ, కానీ మొదటి రిపోర్టు మీదే, అది రికార్డులో ఉంటుంది. రెండోది దానికి ఎదురొస్తే ఇబ్బంది మీకే," అన్నాడు. ఆ మాటలో బెదిరింపు ఉంది. నేను దాన్ని సలహాగా తీసుకున్నాను. పండగ వెళ్ళేదాకా ఆగాను. మొదటి కాగితం అట్లానే ఉంచి, రెండో కాగితంలో మంచి అంకె రాసి పంపితే అందరి పరువూ నిలుస్తుందనుకున్నాను. అందరి అంటే నాది.

పండగ తర్వాత ఆయన్ని పొద్దున పూట రమ్మన్నాను. వచ్చాడు. అంతకుముందు నేను పిలిచినప్పుడల్లా నవ్వుతూ వచ్చే మనిషి, ఈసారి గుమ్మం లోపల నిలబడ్డాడు. పట్టీ అందించాను. తీసుకోలేదు.

"ముందు రాసింది కొట్టెయ్యండి సార్. తర్వాత లాగుతా."

"ఇప్పుడు బాగా లాగితే ఇదే కొత్త రిపోర్టు అవుతుంది. పాతది ఎవరూ చూడరు."

"అందరూ ఇన్నారు సార్. చూడనవసరంలా."

"అట్లా కొట్టేసి రాస్తే నేను ఇచ్చిన మిగతా రిపోర్టులన్నీ అనుమానిస్తారయ్యా."

"అనుమానించనీండి. నన్ను అనుమానించలా?"

నాకు కోపం వచ్చింది. ఇది కూడా చెప్పాలి. తప్పు నాదని తెలిసీ, నా ఎదురుగా నిలబడి సూటిగా మాట్లాడుతున్నాడని ఆయన మీద కోపం వచ్చింది. ఇంత చేసిన మనిషితో మాట్లాడే తీరు ఇదా అన్నాను. నేను ఆయనకి చేసిన వైద్యమంతా ఏకరువు పెట్టాను. ఆయన అంతా విన్నాడు.

"మీరు చేసింది నేనెప్పుడూ మర్చిపోను సార్. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. వేరే వాళ్ళయితే అడిగేవాణ్ణి కాదు," అని వెళ్ళిపోయాడు. కాటా కిటికీకి ఊరికే వేలాడుతూ ఉంది.

అప్పటికీ నేను కదల్లేదు. మనిషికి బుద్ధి రావడానికి ఒక మంచి మాట చాలునని చెబుతారు. నా విషయంలో చాల్లేదు. నన్ను కదిలించింది ఇంకో మనిషి నడుము.

అదే ఫ్యాక్టరీ నుంచి మరో కార్మికుణ్ణి పంపారు. నడుం దెబ్బ తగిలి కోలుకుంటున్న వయసు మళ్ళిన మనిషి. పట్టీ చేతికి ఇస్తుంటే అడిగాడు: "గట్టిగా లాగకపోతే యాక్టర్ అని రాస్తారంటగా సార్?" ఎవరన్నారని అడిగితే, "మా కాడ అందరూ అంటన్నారు," అన్నాడు. నొప్పి అనిపించగానే ఆపెయ్యమని ఎంత చెప్పినా వినలేదు. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగాడు. మంచి అంకె వచ్చింది. ఆ అంకె అక్కడ వెలుగుతుండగానే ఆయన మోకాళ్ళ మీద కూలిపోయాడు. ఆయమ్మా నేనూ కలిసి ఎత్తి బల్ల మీద పడుకోబెట్టాం. "వచ్చిందా సార్? అంకె వచ్చిందా?" అని పడుకునే అడిగాడు.

నెలల పాటు నయమవుతూ వచ్చిన నడుము నా గదిలో, నేనేం రాస్తానో అన్న భయంతో మళ్ళీ పాడైంది. నేను రాసిన వాక్యం ఆ ఫ్యాక్టరీలో కొరడాలాగా తిరుగుతోంది. దాన్ని చూపించి మనుషులచేత ఒంటికి మించి లాగిస్తున్నారు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతవరకూ పూర్తిగా పోలేదు. ఆఫీసరు మీద వచ్చింది, మూడు అంకెలతో మనిషి మనసు తెలుస్తుందని కాగితం రాసిన వాళ్ళ మీద వచ్చింది, కాటా కొన్న నా మీద, కథలు చెప్పిన నా నాలుక మీద వచ్చింది. ఆ కాటాను కిటికీ నుంచి విప్పి బల్ల కిందకు తన్నాను.

ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. ఇంగ్లీషులో కాకుండా తెలుగులో రాశాను. ఆయన ఉపవాసంలో ఉండగా, ఎండలో వేచి ఉండి, తగినంత విశ్రాంతి లేకుండా లాగాడని. మొదటిసారి లాగినదే ఆయన అసలు బలమని. బలం తగ్గించి లాగాడన్న నా మాట తప్పని, అది నేను ఆధారం లేకుండా రాసిందని. ఫ్యాక్టరీకి పంపాను. వాళ్ళు అందిందని కూడా అనలేదు.

జట్టు మనిషికి ఫోను చేసి చెప్పాను. "పంపితే ఏమైంది సార్? బీరువాలో పడేస్తారు. ముందుది ఎక్కడ చదివారో ఇదీ అక్కడే చదవాలిగా?" అన్నాడు.

ఒప్పుకున్నాను. ఒప్పుకున్న మరుక్షణం నుంచీ దాన్నుంచి తప్పించుకోవడానికి దారులు వెతికాను. జ్వరం వచ్చిందని చెబుదామనుకున్నాను. చివరికి వెళ్ళాను.

షిఫ్టు మారే వేళ. గేటు బయట రోడ్డు పక్కన బైకులు, టీ బండి, సున్నపు దుమ్ము పట్టిన మొహాలతో బయటికి వస్తున్న మనుషులు. జట్టు మనిషి నలుగురైదుగురిని ఆపి, "ఆగండ్రా, డాక్టరు గారు ఏందో చదువుతాడంట," అన్నాడు. ఇంకొంతమంది ఆగారు. నేను కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను.

"వినపళ్ళా, గట్టిగా!" అని ఎవరో వెనకనుంచి అరిచారు.

"గట్టిగా లాగండి సార్!" అని ఇంకెవరో అన్నారు. అందరూ నవ్వారు. నవ్వవలసిన వాళ్ళే.

గట్టిగా చదివాను. మధ్యలో ఆఫీసరు బయటికి వచ్చాడు. "డాక్టర్ గారూ, ఏంటిది? మా గేటు దగ్గర ఇదంతా ఏంటండీ?"

"గేటు బయటే ఉన్నానండీ," అన్నాను. అది ధైర్యం కాదు. అంతకంటే ఏమనాలో తోచలేదు. చివరి వాక్యం చదివాను: ఆయన తన బలమంతా పెట్టి లాగాడు, అబద్ధం ఆడింది నేను. ఈ ముక్క ఫ్యాక్టరీకి పంపిన కాగితంలో లేదు, అక్కడ నిలబడ్డాక వచ్చింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకతను టీ గ్లాసు బండి మీద పెట్టి, "ఇంత మాట ముందే రాస్తే పోయేదిగా," అని బైకు తీసుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ చెదిరిపోయారు. ఆయన టీ బండి అవతల నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను. దగ్గరికి వెళ్ళాను.

"విన్నా సార్," అన్నాడు.

"భుజం ఒకసారి చూస్తాను, రా, క్లినిక్‌కి..."

"వద్దు సార్. గుంటూరులో ఇంకో ఆయనకి చూపిస్తున్నా." టీ కూడా తాగమనలేదు. నేనూ అడిగించుకోవాలని కాసేపు నిలబడి, నా బైకు దగ్గరికి నడిచాను.

ఫ్యాక్టరీ వాళ్ళు పరీక్షల పని నా దగ్గర్నుంచి తీసేశారు. అది శిక్ష అని వాళ్ళనుకుని ఉంటారు. ఆయన్ని మాత్రం వెంటనే తీసుకోలేదు. గుంటూరు పరీక్ష అన్నారు, పైవాళ్ళ సంతకం అన్నారు, జట్టులో ఖాళీ లేదన్నారు. ఒంట్లో బలం ఉన్న మనిషి, నేను రాసిన రెండు వాక్యాల వల్ల ఎండాకాలమంతా ఇంట్లో కూర్చున్నాడు. వానలు మొదలయ్యాక పిలిచారు. అదీ పాత జట్టులోకి కాదు. వేరే జట్టు, వేరే మనుషులు. రంజాన్‌లో మధ్యాహ్నం పూట ఆయన వంతు గొలుసు ఎవరు లాగుతారో వాళ్ళకి ఇంకా ఎవరూ నేర్పి ఉండరు.

ఈ కబురు చెప్పడానికి ఫోను చేసింది జట్టు మనిషే. సంతోషంగానే చెప్పాడు. భుజం ఎట్లా ఉంది, గొలుసు లాగితే నొప్పి వస్తుందా అని అడిగాను.

"ఆ ముక్క ఆయన్నే అడగండి సార్. నంబరుందిగా మీ దగ్గర."

ఉంది. ఇంకా ఫోను చెయ్యలేదు.